టియర్‌డ్రాప్ ట్రైలర్: గ్యారేజీలో చెక్కతో కట్టుకునే పద్ధతి

అమెరికాలో మే నెల రాగానే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులు నేషనల్ పార్కుల ఫొటోలతో నిండిపోతాయి. టెంటులో పడుకోవడం మొదటిసారి సరదా, రెండోసారి నడుం నొప్పి. పెద్ద ఆర్‌వీ (చక్రాల మీద ఇల్లులాంటి బండి) కొందామంటే లాగడానికి ట్రక్కు కావాలి, పెట్టడానికి చోటు కావాలి, పైగా నెలనెలా ఈఎంఐ. ఈ రెంటికీ మధ్యలో ఉండేది టియర్‌డ్రాప్. పక్కనుంచి చూస్తే ముందు గుండ్రంగా ఉండి, వెనక్కి పోనుపోను వాలిపోయే చిన్న చెక్క గది. లోపల ఇద్దరు పడుకోవచ్చు, నిలబడలేరు. వెనక భాగం డిక్కీలా పైకి లేస్తుంది, దాని కింద వంటగది. 1930లలో అమెరికాలో మొదలై, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాగా ఊపందుకుంది. ఇంట్లో కట్టుకునే ప్లాన్లు అప్పటి పత్రికల్లోనే వచ్చేవి. ఆ ఆకారాలనే జనం ఇప్పటికీ వాడుతున్నారు.

వడ్రంగం ఓ మోస్తరుగా వస్తే చాలు. అల్మరా అంచు కాస్త వంకరైతే ఎవరూ పట్టించుకోరు. బరువు లెక్క తప్పితే మాత్రం హైవే మీద ప్రాణం మీదకొస్తుంది. చెక్కలోకి నీళ్ళు దిగితే రెండు మూడేళ్ళలో కుళ్ళిపోతుంది. కింద ప్రతి దశలోనూ ఆ రెండింటి గోలే ఎక్కువగా వినిపిస్తుంది. కొలతలు, రూల్సు అన్నీ అమెరికా రోడ్లవే.

ముందు కారు, తర్వాత డిజైను

కాగితం మీద గీత గీసే ముందు కారు మాన్యువల్‌లో టోయింగ్ పేజీ తీయండి. హైబ్రిడ్ కాని హోండా సీఆర్-వీ 1,500 పౌండ్లు లాగుతుంది. టొయోటా రావ్4 హైబ్రిడ్ 1,750 పౌండ్లు. టెస్లా మోడల్ వై, హైలాండర్ లాంటివి 3,500 పౌండ్లు లేదా అంతకుమించి లాగుతాయి. ఏడాదిని, ట్రిమ్‌ని బట్టి ఈ అంకెలు మారతాయి కాబట్టి మీ మాన్యువల్ చెప్పిందే ఖాయం. ఎలక్ట్రిక్ కారుతో లాగితే రేంజి బాగా పడిపోతుంది, ఛార్జింగ్ స్టాపులు దానికి తగ్గట్టు వేసుకోవాలి.

నా ఓటు 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు గోడలకే. 4 అడుగుల వెడల్పైతే రెండు గోడల మందం పోను లోపల 46.5 అంగుళాలే మిగులుతాయి, భార్యాభర్తలకి ఇరుకు. 5 అడుగులకి 58.5 అంగుళాలు దొరుకుతాయి. క్వీన్ పరుపు 60 అంగుళాలు కాబట్టి మెమరీ ఫోమ్ పరుపు కొని పక్కల కత్తిరించుకుంటే సరిపోతుంది. జాగ్రత్తగా కడితే ఖాళీ బరువు 900 నుంచి 1,200 పౌండ్ల మధ్య తేలుతుంది. సామాన్లు, నీళ్ళు, ఐస్‌బాక్సు కలిపితే చిన్న కార్లకి అదే అంచు. ఈ ఎత్తులో కడితే 7 అడుగుల గ్యారేజీ తలుపు కింద నుంచి కూడా దూరుతుంది. డ్రైవ్‌వేలో ట్రైలర్ పెడితే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వచ్చే కాలనీల్లో ఇది చాలా ముఖ్యం.

చాసిస్

ఇనుప చాసిస్ సొంతంగా వెల్డింగ్ చేయకండి. కొనండి. తయారీదారు ఇచ్చే ఆరిజిన్ సర్టిఫికెట్ చేతిలో ఉంటే తర్వాత డీఎంవీలో, అంటే బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో, పని సులువవుతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఇంట్లో కట్టిన ట్రైలర్‌కి తూకం చీటీ, సామాన్ల రసీదులు, ఫొటోలు, ఒక్కోచోట ఇన్‌స్పెక్షన్ కూడా అడుగుతారు. మొదటి స్క్రూ కొన్న రోజునుంచే రసీదులన్నీ ఒక కవర్లో వేస్తూ పోండి. బ్రేకుల రూలు కూడా రాష్ట్రాన్ని బట్టే. కాలిఫోర్నియాలో క్యాంప్ ట్రైలర్ మొత్తం బరువు 1,500 పౌండ్లు చేరితే బ్రేకులు ఉండాలి, టెక్సస్‌లో ఆ హద్దు 4,500 పౌండ్లు.

యాక్సిల్ ఎక్కడుందో చూసుకోండి. గది పొడవులో సుమారు 60 శాతం యాక్సిల్‌కి ముందు, 40 శాతం వెనక ఉండాలి. ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బస్తాలు వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్‌కి కూడా అంతే, కాకపోతే ఇక్కడ వేగం 60 మైళ్ళు. వెనక బరువెక్కితే ట్రైలర్ పాములా ఊగడం మొదలవుతుంది, ఒకసారి మొదలయ్యాక ఆపడం కష్టం. హిచ్ బాల్ (కారు వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీద పడే బరువు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 1,200 పౌండ్ల ట్రైలర్‌కి 120 నుంచి 180 పౌండ్లు. కొలవడానికి బాత్రూం వెయింగ్ మెషీన్ చాలు. సమతలమైన చోట, బాల్ ఎత్తుకి సరిపడే చెక్కముక్క పెట్టి, దాని మీద ట్రైలర్ ముక్కు ఆనిస్తే అంకె కనిపిస్తుంది. పని నడుస్తున్నంతకాలం అప్పుడప్పుడూ కొలుస్తూ ఉండండి. వంటగది ఎలాగూ వెనకే ఉంటుంది, కాబట్టి బ్యాటరీని ముందుకి, నీళ్ళ క్యాన్‌ని యాక్సిల్ దగ్గరికి తేవాల్సి రావచ్చు. ఒక గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు తూగుతాయని గుర్తుంచుకోండి.

నేల

మామూలు ప్లైవుడ్ షీటు 4×8 అడుగులు. బాల్టిక్ బర్చ్ మాత్రం ఎక్కువగా 5×5 అడుగుల షీట్లలో వస్తుంది. మన 5×8 నేలకి ఈ 5×5 షీట్లలో ఒక నిండు షీటు, మరో షీటులోంచి 3 అడుగుల ముక్క సరిపోతాయి. అతుకు సరిగ్గా చాసిస్ అడ్డకమ్మీ మీద పడేలా చూసుకోండి. అర అంగుళం మందం చాలు. చలి ప్రాంతాలకి వెళ్ళేవాళ్ళు సన్నటి చెక్క ఫ్రేములో ఫోమ్ షీటు ఇరికించి, పైన పావు అంగుళం ప్లైవుడ్ వేసుకోవచ్చు.

నీళ్ళ గోల ఇక్కడే మొదలవుతుంది. వాన పైనుంచి పడుతుంది సరే, హైవే మీద టైర్లు చిమ్మే నీళ్ళు కింద నుంచి కొడతాయి. నేల అడుగుభాగాన్ని బిగించక ముందే సీల్ చేయాలి. చాలామంది వాడే చవక పద్ధతి ఇది: ఆయిల్ బేస్డ్ పాలీయురెథేన్ వార్నిష్‌లో సగానికి సగం మినరల్ స్పిరిట్స్ (పెయింటు పల్చన చేసే ద్రవం) కలిపి పూయండి. పల్చగా ఉంటుంది కాబట్టి చెక్క లోపలికంటా పీల్చుకుంటుంది. అంచులకి పూస్తూనే ఉండండి, ఇక పీల్చడం మానేసేదాకా. ప్లైవుడ్ నీళ్ళు తాగేది ముఖ్యంగా అంచుల నుంచే. చివర్లో స్పిరిట్స్ కలపని పాలీయురెథేన్ రెండు కోటింగులు. ఈ పని చేసిన గుడ్డల్ని ముద్దచేసి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా ఆరేసి, పూర్తిగా ఎండాక పారేయండి.

ప్రెజర్ ట్రీటెడ్ (కుళ్ళకుండా మందు ఎక్కించిన) ప్లైవుడ్ వాడితే ఈ గొడవ ఉండదుగా అనిపిస్తుంది. బరువెక్కువ, పైగా అందులోని రాగి లవణాలు అల్యూమినియంని తినేస్తాయి. బయట అల్యూమినియం తొడుగు వేసే ఆలోచన ఉంటే దాని జోలికి వెళ్ళొద్దు.

సీల్ ఆరాక చాసిస్‌కి బోల్టులతో, పెద్ద వాషర్లతో, నైలాన్ లాక్ నట్లతో బిగించండి. మామూలు నట్లు ప్రయాణం కుదుపులకి వదులవుతాయి.

గోడలు

ముప్పావు అంగుళం ప్లైవుడ్, ఒక్కో గోడకి ఒక 4×8 షీటు. షీటు మీద ఆకారానికి నాలుగైదు చోట్ల మేకులు కొట్టి, సన్నటి, ముడులు లేని చెక్కబద్దని వాటి చుట్టూ వంచి పెన్సిల్‌తో గీయండి. కంటికి నచ్చేదాకా మేకులు జరపొచ్చు. ముందు వంపు మరీ బిగుతుగా పెట్టుకోకండి. వ్యాసార్థం ఒకటిన్నర అడుగు, అంతకు మించి ఉంటే పైకప్పు ప్లైవుడ్ విరగకుండా వంగుతుంది.

రెండు షీట్లనీ కలిపి స్క్రూలతో బిగించి ఒకేసారి జిగ్‌సాతో కోయండి, గీత బయట కాస్త వదిలి. తర్వాత రెండూ కలిపే సాండింగ్ చేసి గీతకి తెస్తే కవలల్లా వస్తాయి. కుడి గోడకీ ఎడమ గోడకీ అర అంగుళం తేడా ఉన్నా వెనక డిక్కీ మూత ఎప్పటికీ సరిగా కూర్చోదు.

తలుపు సుమారు 26 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు. మూలలు గుండ్రంగా ఉంచండి, చదరపు మూలల దగ్గర ప్లైవుడ్ చీలుతుంది. నెమ్మదిగా కోస్తే బయటికొచ్చిన ముక్కే తలుపవుతుంది. కీళ్ళు తప్పనిసరిగా ముందువైపు, అంటే కారు వైపు ఉండాలి. దారిలో గడియ ఊడినా గాలి తలుపుని మూసేస్తుంది. కీళ్ళు వెనకవైపు పెడితే అదే గాలి తలుపుని లాగి పీకేస్తుంది.

బరువు తగ్గించడానికి గోడ లోపల అక్కడక్కడా కిటికీల్లా కోసేసి, ఆ ఖాళీల్లో ముప్పావు అంగుళం ఎక్స్‌పీఎస్ ఫోమ్ (వేడి, చలి ఆపే గట్టి ఫోమ్ పలక) పెడతారు. అంచుల దగ్గర, తలుపు చుట్టూ, షెల్ఫు ఆనే చోట్ల రెండు మూడు అంగుళాల చెక్క మిగల్చండి. ఫోమ్‌కి వాడే జిగురు డబ్బా మీద ఫోమ్‌కి పనికొస్తుందని రాసుందో లేదో చూడండి. సాల్వెంట్ ఉన్న జిగురు ఫోమ్‌ని కళ్ళముందే కరిగించేస్తుంది.

పైకప్పు, కరెంటు తీగలు

గోడలు నిలబెట్టి, మధ్యలో పడకకీ వంటగదికీ అడ్డుగా ఒక ప్లైవుడ్ గోడ బిగిస్తే నిర్మాణం గట్టిపడుతుంది. ఆ తర్వాత ఈ గోడనుంచి ఆ గోడకి 1×2 చెక్కబద్దలు, సుమారు 12 అంగుళాలకొకటి. వంపు ఎక్కువ ఉన్నచోట దగ్గర దగ్గరగా. డిక్కీ కీలు పడే చోట, ఫ్యాన్ చుట్టూ లావు చెక్క వేయండి. రూఫ్ ఫ్యాన్‌కి 14×14 అంగుళాల కన్నం ప్రామాణికం. ఈ ఫ్యాన్ మీద డబ్బు మిగల్చాలని చూడకండి. ఇద్దరు మనుషులు మూసిన పెట్టెలో రాత్రంతా ఊపిరి పీలిస్తే తెల్లారేసరికి గోడలన్నీ చెమటలు కారుస్తాయి.

లోపలి సీలింగ్‌కి 1/8 అంగుళం ప్లైవుడ్. షీటులో పై పొర నార ట్రైలర్ వెడల్పు దిశలో ఉండేలా వేయండి. అప్పుడు సులువుగా వంగుతుంది, అడ్డంగా తిప్పి వేస్తే పట్టుమని విరుగుతుంది. వంగడానికి మొరాయిస్తే తడి గుడ్డ కప్పి కాసేపు ఉంచితే దారికొస్తుంది.

సీలింగ్ వేశాక, బయటి తొడుగు వేయకముందు తీగలు లాగేయాలి. ఈ ఒక్క క్రమం తప్పితే మళ్ళీ అన్నీ పీకాలి. లైట్లకి, ఫ్యాన్‌కి, యూఎస్‌బీ పాయింట్లకి, వంటగది లైటుకి వేర్వేరు తీగలు లాగి, ప్రతిదాని ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత స్క్రూ ఎక్కడ దించాలో ఆ ఫొటోలే చెబుతాయి. తీగల మధ్య ఖాళీల్లో ఫోమ్ నింపి, పైన మరో 1/8 అంగుళం ప్లైవుడ్ పొర వేస్తే పైకప్పు అయినట్టే.

బయటి తొడుగు

మూడు దారులున్నాయి. సంప్రదాయం అల్యూమినియం. 0.04 అంగుళం మందం, 5×10 అడుగుల షీటు ఒక్కటి ముందు నుంచి డిక్కీ కీలు దాకా అతుకు లేకుండా వస్తుంది. అంచుల మీద అల్యూమినియం యాంగిల్, దాని కింద బ్యూటైల్ టేపు (నీళ్ళు దిగకుండా ఆపే జిగట రబ్బరు టేపు). సిలికాన్ వాడకండి. ఊడొచ్చినప్పుడు దాని మరకల మీద ఇంకేదీ అతుక్కోదు, పెయింటు కూడా పట్టదు.

రెండోది ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), 6 ఔన్సుల ఫైబర్‌గ్లాస్ గుడ్డ. నాకు నచ్చేది ఇదే. చెక్క అందం కనిపిస్తుంది, అతుకులన్నీ ఒకే పొర కిందికి వస్తాయి. కాకపోతే ఎపాక్సీ కొంచెం కొంచెంగా కలపాలి. పెద్ద డబ్బాలో ఒకేసారి కలిపితే వేడెక్కి పొగలొచ్చి గట్టిపడిపోతుంది. ఎండకి పాడవుతుంది కూడా, కాబట్టి పైన యూవీ రక్షణ ఉన్న వార్నిష్ గానీ పెయింటు గానీ వేయకుండా వదలకూడదు. చేతికి గ్లవ్స్, ముక్కుకి సరైన మాస్కు, గ్యారేజీ తలుపు తెరిచి.

మూడోది బాగా చవక. పెయింటర్లు నేల మీద పరిచే కాన్వాస్ గుడ్డని ఉతికి, నీళ్ళు కలిపిన టైట్‌బాండ్ 2 అనే చెక్క జిగురుతో ప్లైవుడ్ మీద అతికించి, పైన ఇంటి బయటి గోడలకి వేసే లేటెక్స్ పెయింటు నాలుగైదు కోట్లు. చూడ్డానికి గుడ్డ నేత కనిపిస్తుంది, అయినా గీతపడితే అరగంటలో బాగుచేసుకోవచ్చు.

డిక్కీ: అసలు పరీక్ష

ఇక్కడ తొందరపడకండి. ట్రైలర్ మొత్తంలో నీళ్ళు కారేది, ఒంకర తిరిగేది, విసుగు తెప్పించేది ఇదే.

పక్కటెముకల్లా ఉండే వంపు ముక్కల్ని గోడ ఆకారంతోనే ముప్పావు అంగుళం ప్లైవుడ్‌లో కోయండి. వాటిని అడ్డబద్దలతో కలిపి ఫ్రేము చేసి, ట్రైలర్ మీదే దాని స్థానంలో క్లాంపులతో బిగించండి. తొడుగు ప్లైవుడ్ అక్కడే, ఆ స్థితిలోనే అతికించాలి. టేబుల్ మీద పెట్టి చేస్తే క్లాంపులు తీయగానే ప్లైవుడ్ సాగి, వంపు కాస్త తెరుచుకుంటుంది, కింద అర అంగుళం సందు మిగులుతుంది. జిగురు పూర్తిగా ఆరేదాకా, కనీసం మర్నాటి వరకు, కదపకండి.

కీలుకి పియానో హింజ్ (వెడల్పంతా ఒకటే పొడుగు కీలు) పెట్టి పైన రబ్బరు ఫ్లాప్ కప్పేవాళ్ళున్నారు. నేనైతే హరికేన్ హింజ్ అని దొరికే అల్యూమినియం కీలు కొనమంటాను. రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి దూరి తిరుగుతాయి, నీళ్ళు లోపలికి రాకుండా పక్కలకి జారిపోతాయి. పక్క గోడల అంచు దాటి కొంచెం బయటికి ఉండేలా కోస్తే ఆ నీళ్ళు బయటే పడతాయి. గోడ అంచుల మీద బోలుగా ఉండే రబ్బరు సీలు అతికించి, దానికి లోపలివైపు ఒక చిన్న గాడి వదలండి. సీలు దాటొచ్చిన నీళ్ళు ఆ గాడిలోంచి కిందికి జారతాయి. ఏ సీలూ నూరు శాతం ఆపదు, దాటొచ్చిన నీటికి దారి చూపించాలి.

డిక్కీని పైకెత్తి పట్టుకునే గ్యాస్ స్ట్రట్‌లని బలం చూడకుండా గుడ్డిగా కొనకండి, లెక్క చిన్నదే. డిక్కీ బరువు 40 పౌండ్లు, దాని గరిమనాభి కీలుకి 24 అంగుళాల దూరంలో ఉందనుకుందాం. రెంటినీ హెచ్చిస్తే 960. స్ట్రట్ తోసే గీతకి కీలు నుంచి లంబదూరం 8 అంగుళాలైతే, 960ని 8తో భాగిస్తే 120 పౌండ్లు. రెండు స్ట్రట్‌లు కాబట్టి ఒక్కోటి 60. దాని మీద ఒక పదిహేను శాతం కలిపితే 70 పౌండ్ల స్ట్రట్ తీసుకోవచ్చు. మరీ బలమైనవి పెడితే మూసినప్పుడల్లా చెక్క ఫ్రేముని వంచేస్తుంటాయి.

వంటగది

స్టవ్ ఎత్తు మీ వంటవాళ్ళ నడుముని బట్టి, ఇంటర్నెట్ ప్లానుని బట్టి కాదు. ఇడ్లీ కుక్కరు, ప్రెజర్ కుక్కరు మూత తెరిచినా పై షెల్ఫుకి తగలని ఎత్తు వదలండి. పోపు పెట్టేటప్పుడు మంట మీదికి డిక్కీ ప్లైవుడ్ వస్తుందేమో చూసుకోండి. స్టవ్ జారుడు పలక మీద పెట్టి బయటికి లాగి వండితే మేలు. గ్యాస్ స్టవ్ గానీ ప్రొపేన్ హీటర్ గానీ పడకగదిలో ఎప్పుడూ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా పెట్టండి. ఎలుగుబంట్లు తిరిగే చోట్ల, ఉదాహరణకి యోసెమిటీలో, క్యాంప్‌సైట్‌లోని ఇనుప లాకర్లలోనే తిండి పెట్టాలి. ఈ ప్లైవుడ్ డిక్కీ ఎలుగుకి ఒక గోటి పని, ఆవకాయ సీసా కూడా లాకర్లోకే.

బ్యాటరీ, వెనక లైట్లు

12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఎల్‌ఈడీ లైట్లకి, ఫ్యాన్‌కి, ఫోన్లకి రెండు మూడు రాత్రులు వస్తుంది. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే ఉండాలి, అక్కడినుంచి ప్రతి తీగకీ వేరే ఫ్యూజు. ఫ్యూజు ఉన్నది తీగని కాపాడటానికి, కాబట్టి తీగ మందాన్ని చూసి ఎంచుకోవాలి.

రోడ్డు లైట్లకి నాలుగు పిన్నుల ప్లగ్గు: తెలుపు గ్రౌండ్, గోధుమరంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ సిగ్నల్‌కీ బ్రేకుకీ, ఆకుపచ్చ కుడి సిగ్నల్‌కీ బ్రేకుకీ. లైట్లు పిచ్చిపిచ్చిగా వెలుగుతుంటే ముందు తెల్ల తీగ చూడండి. పెయింటు గీకి, ఒట్టి ఇనుముకి బిగిస్తే సగం టెన్షన్లు పోతాయి. పక్కల ముందు అంబర్, వెనక ఎరుపు మార్కర్ లైట్లు, నంబర్ ప్లేటు లైటు మర్చిపోవద్దు.

రోడ్డెక్కే ముందు

తోట పైపుతో పది నిమిషాలు నీళ్ళు కొట్టండి, ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి. ఫ్యాన్ అంచు, తలుపు కింది అంచు, కీలు రెండు చివరలు, ఈ వరసలో వెతకండి. తర్వాత సామాన్లన్నీ నింపి తూకం వేయించండి, హిచ్ బరువు మళ్ళీ కొలవండి.

బాల్ సైజు కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు) మీద రాసున్నదే ఉండాలి. 2 అంగుళాల కప్లర్‌కి 1-7/8 అంగుళాల బాల్ పట్టినట్టే ఉంటుంది, గుంతలో ఎగిరి ఊడిపోతుంది. సేఫ్టీ చెయిన్లు ముక్కు కింద కత్తెరలా దాటించి తగిలించండి. ట్రైలర్ టైరు మీద వేరే వేగం రాసి లేకపోతే హద్దు గంటకి 65 మైళ్ళు. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే వాహనాలకి 55 మైళ్ళే.

మొదటి 50 మైళ్ళ తర్వాత ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించండి. కొత్త చక్రాలకి అవి వదులవుతాయి. చక్రం మధ్యలో హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగ్‌లో గ్రీజు తక్కువైనా అయ్యుండాలి, నట్టు మరీ బిగుతైనా అయ్యుండాలి. బేరింగులకి ఏడాదికోసారి గ్రీజు మార్చాలి. అదే రోజు ట్రైలర్ కిందికి దూరి నేల అంచులు చూసి, సీలు ఎక్కడైనా పొరలు లేస్తుంటే గీకి మళ్ళీ పూయండి.